మత్తుమందు – మెదడు: హైదరాబాదు ప్రయోగాలు నేర్పిన పాఠం

మన తాండూరు, వికారాబాదుల మీదుగా పోవు రైలుమార్గం 1874లో వాడి జంక్షన్‌ను హైదరాబాదు ప్రాంతంతో కలిపింది. ఆ తరువాత పదిహేనేండ్లకు, 1889లో, హైదరాబాదు నగరం ప్రపంచ వైద్యుల దృష్టిని ఆకర్షించింది. అందుకు కారణం క్లోరోఫారం.

ఆ కాలమున శస్త్రచికిత్సలకు క్లోరోఫారంను విరివిగా వాడేవారు. ఒక్కొక్కప్పుడు రోగి బల్లమీదనే ప్రాణం విడిచేవాడు. అట్టి వేళ ముందు ఆగునది శ్వాసయా, గుండెయా? హైదరాబాదు వైద్య పాఠశాల ప్రధానాచార్యులు ఎడ్వర్డ్ లారీ శ్వాసయే అన్నారు. 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్ కుక్కలపై ప్రయోగాలు జరిపి ఆయన మాటనే బలపరిచింది. లండనులోని ‘లాన్సెట్’ వైద్యపత్రిక దానిని అంగీకరించలేదు. అంతట ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వేయి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను రప్పించింది. 1889లో రెండవ కమిషన్ కుక్కలు, కోతులు మొదలైన నాలుగు వందలకు పైగా జంతువులను పరీక్షించి, మరల శ్వాసయే ముందు ఆగుతుందని తేల్చింది.

వివాదం అంతటితో ముగియలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనువారు ఒక జంతువు మెదడుకు మరొక జంతువు రక్తం అందునట్లు అమర్చి, మెదడును, గుండెను వేరువేరుగా పరీక్షించారు. రక్తపు ఒత్తిడి తగ్గుటకు కారణం క్లోరోఫారం గుండెపై నేరుగా చూపు ప్రభావమేనని వారు కనుగొన్నారు. తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని 1911లో లీవీ పిల్లులలో నిరూపించారు.

మరి మెదడు సంగతి ఏమి? మానవ శరీరపు బరువులో మెదడు వంతు నూటికి రెండు పాళ్లే. కాని విశ్రాంతి వేళ శరీరం వాడు ప్రాణవాయువులో సుమారు ఇరువది పాళ్లు దానికే కావాలి. మామూలుగా మెదడు పని పెరిగిన కొలదీ దానికి రక్తం పెరుగుతుంది; తగ్గిన కొలదీ తగ్గుతుంది. మత్తుమందులు ఈ లెక్కను పలువిధాల మారుస్తాయి. థయోపెంటోన్ జీవక్రియను, రక్తప్రవాహాన్ని రెండింటినీ తగ్గిస్తుంది. అయితే మెదడు విద్యుత్ తరంగాలు పూర్తిగా అణగిన పిదప మందు ఎంత పెంచినా ప్రాణవాయువు అవసరం ఇంకా తగ్గదని కుక్కలపై ప్రయోగాలు తెలిపాయి. హాలోథేన్ జీవక్రియను తగ్గిస్తూనే రక్తనాళాలను వెడల్పు చేసి, రక్తప్రవాహాన్ని పెంచగలదు. కీటమిన్ సాధారణంగా రెండింటినీ పెంచుతుంది.

ఇది ప్రాణంతో ముడిపడిన విషయం. పుర్రె మూత బిగించిన పాత్ర వంటిది. తలకు దెబ్బ తగిలి మెదడు వాచిన రోగికి లోపల రక్తం మరింత పెరిగితే, ఒత్తిడి హెచ్చి మెదడు నలుగుతుంది. కనుకనే ఏ మందు, ఎంత మోతాదు అను నిర్ణయం అంత కీలకం.

హైదరాబాదు కమిషన్ శ్రమ వ్యర్థం కాలేదు. మత్తులో ఉన్నవాని శ్వాసను కనిపెట్టి ఉండవలెనన్న దాని హెచ్చరిక నేటికీ శిరోధార్యమే. గుండెకు భయం లేదన్న మాట మాత్రం నిలువలేదు. విజ్ఞానశాఖ వారైనా, భాషాశాఖ వారైనా మన విద్యార్థులు దీని నుండి గ్రహింపవలసినది ఒకటి ఉన్నది: ప్రయోగం చూపినంత మేరకే సిద్ధాంతం చెప్పాలి, చూపని దానిని గూర్చి మరల ప్రశ్నించాలి.