బొల్జానో నాయకుడు సిల్వియస్ మగ్నాగో

ఇటలీ దేశపు ఉత్తరపు కొనను, ఆల్ప్సు పర్వతముల నడుమ బొల్జానో అను ప్రొవిన్సు గలదు. ప్రొవిన్సు మన జిల్లా వంటిది. అట్టివి కొన్ని కలసి ఒక రీజియను. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆస్ట్రియానుండి ఇటలీకి సంక్రమించిన ఈ సీమలో జర్మను భాష మాటలాడువారే అధికులు. ముస్సోలినీ పాలనలో వారి బడులు మూతపడినవి. ఊళ్ల పేర్లు సైతము మారినవి. 1946 లో ఇటలీ, ఆస్ట్రియాలు పారిస్ నగరమున చేసికొన్న ఒడంబడిక వారికి స్వపరిపాలనను వాగ్దానము చేసెను. కాని 1948 నాటి శాసనము ముఖ్యాధికారములను, బొల్జానోను ట్రెంటోతో జోడించి ఏర్పరచిన రీజియనునకే ఇచ్చినది. అందు ఇటాలియను భాషీయులదే సంఖ్యాబలము. పేరునకు అధికారముండి, నిర్ణయము వేరొకచోట జరుగుట ఎట్లుండునో పంచాయతీ సభ్యులకు మేము వివరింప నవసరము లేదు.

సిల్వియస్ మగ్నాగో గారు 1914 లో మెరానో పట్టణమున జన్మించిరి. తండ్రి ఇటాలియను భాషీయుడు, తల్లి జర్మను భాషీయురాలు. న్యాయశాస్త్రము చదివిరి. జర్మను సైన్యమున పనిచేయుచు 1943 లో ఎడమకాలు పోగొట్టుకొనిరి. 1948 లో బొల్జానో పురపాలక సంఘ ఉపాధ్యక్షులైరి. ఆ యేటనే ప్రొవిన్సు శాసనసభకు ఎన్నికై, నలుబది సంవత్సరములు అందు సభ్యులుగా నుండిరి.

1957 లో బొల్జానోయందు 5,000 ఇండ్లు కట్టింతుమని రోము ప్రభుత్వము ప్రకటించెను. ఆ ఇండ్లకు బయటివారు వలసవచ్చినచో తమ గడ్డపై తామే అల్పసంఖ్యాకులమగుదుమని జర్మను భాషీయులు కలవరపడిరి. గృహనిర్మాణముపై తుది నిర్ణయము వారి సభ చేతిలో లేదు. నవంబరు 17 న సిగ్మండ్స్‌క్రోన్ కోటలో సుమారు 35,000 మంది చేరిరి. నగరముపైకి నడువవలెనని కొందరు యువకులు ఆవేశపడిరి. ఊరేగింపు జరుగదని మగ్నాగో గారు అధికారులకు ముందే మాట ఇచ్చియుండిరి. ట్రెంటోనుండి విడిపోవలెనను కోరికను ఎలుగెత్తి చాటి, జనమును శాంతముగా ఇండ్లకు పంపిరి. చంకకర్రల ఊతతో నిలిచిన ఆ బక్కపలుచని మనిషి మాటను అంతమంది మన్నించుట మాకు విశేషముగా తోచుచున్నది.

1960 లో ఆయన ప్రొవిన్సు ప్రభుత్వాధ్యక్షులైరి. మరుసటి జూనులో ఒకే రాత్రి అనేక విద్యుత్ స్తంభములు పేల్చివేయబడినవి. ఆయన మాత్రము సంప్రదింపుల మార్గమును విడువలేదు. తుదకు 137 అంశముల ఒప్పందము సిద్ధమైనది. కష్టమంతయు ఇక్కడనే వచ్చినది. రోమును ఒప్పించిన నాయకుడు ఇపుడు సొంత పక్షమును ఒప్పింపవలసివచ్చెను. అడిగినదంతయు రాలేదని పలువురు ఎదిరించిరి. 1969 నవంబరులో మెరానో మహాసభ అర్ధరాత్రి దాటువరకు వాదించి, నూటికి సుమారు 53 వోట్లతో మాత్రమే ఆమోదించినది.

1972 నాటి నూతన శాసనముతో గృహనిర్మాణము, వ్యవసాయము, రహదారులు మున్నగునవి ప్రొవిన్సు చేతికి వచ్చినవి. అక్కడ వసూలగు పన్నులలో సుమారు పదింట తొమ్మిది వంతులు అక్కడనే ఖర్చగుచున్నవి. ప్రభుత్వోద్యోగములు భాషావర్గముల జనసంఖ్యననుసరించి పంచబడుచున్నవి. దీనివలన పొరుగువారు వేర్వేరు బడులలో, వేర్వేరు లెక్కలలో ఉండిపోవుదురను విమర్శ కలదు. అది తోసిపుచ్చదగినది కాదని మా అభిప్రాయము.

1989 లో మగ్నాగో గారు పదవినుండి తప్పుకొనిరి. 1992 లో వివాదము పరిష్కృతమైనదని ఆస్ట్రియా ఐక్యరాజ్యసమితికి తెలిపెను. 2010 లో, తొంబదియారవ యేట ఆయన మరణించిరి. ఆయన పీఠమునకు వచ్చిన లూయిస్ డుర్న్‌వాల్డర్ గారు అంతకుముందు ఫాల్ట్‌సెన్ అను పల్లెకు మేయరుగా పనిచేసినవారు.