పౌరసత్వము – మాతృభాష

“నీ ఊరేది?” అని యడిగినవారికి మన పిల్లలు తడుముకొనక సమాధానము చెప్పుదురు. “నీవు తెలుగువాడవు గదా, ఈ రాష్ట్రమువాడవెట్లగుదువు?” అని యడిగినపుడు మాత్రము కొందరు తలవంచుకొందురు. విద్యార్థులారా! ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రలోను, మన రాజ్యాంగములోను కలదు.

తిరుత్తణి పట్టణమునే ఉదాహరణముగా తీసికొందము. అది 1953 అక్టోబరు 1వ తేదీన మద్రాసు రాష్ట్రమునుండి విడివడి ఆంధ్ర రాష్ట్రమున చేరినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో భాగమైనది. సరిహద్దుల మార్పుచే 1960 ఏప్రిల్ 1న మరల మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది. 1969లో ఆ రాష్ట్రమునకు తమిళనాడు అను పేరు కలిగినది. ఈ 16 ఏండ్లలో అచ్చటి గృహస్థు ఇల్లు కదలలేదు. అతని భారత పౌరసత్వమును మారలేదు. కదలినది సరిహద్దు రేఖ మాత్రమే.

దీనికి కారణమేమి? మన రాజ్యాంగము దేశమంతటికిని ఒకే పౌరసత్వము నేర్పరచినది. అమెరికా సంయుక్త రాష్ట్రములందువలె రాష్ట్ర పౌరసత్వము మనకు వేరుగా లేదు. తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కును 29వ అధికరణము, విద్యాలయములను స్థాపించి నడపుకొను హక్కును 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు ఇచ్చుచున్నవి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని 1956లో చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది.

కావున తెలుగు బడి ఎవరో దయతలచి యిచ్చిన దానము కాదు. కాని పిల్లలను చేర్పించువారు లేనిచో ఈ హక్కు పుస్తకమునందే నిలిచిపోవును. తెలుగు చదివినచో బిడ్డ వెనుకబడునని తల్లిదండ్రులు భయపడనక్కరలేదు. తిరుత్తణిలో 1888లో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లోను, బరంపురమున 1894లో జన్మించిన వరాహగిరి వెంకటగిరి 1969లోను రాష్ట్రపతులైరి. ఆ రెండు పట్టణములును నేడు తెలుగు రాష్ట్రములలో లేవు.

హక్కు వెంట ధర్మమును కలదు. మనమున్న రాష్ట్రపు భాషను చక్కగా చదువను, వ్రాయను నేర్వవలెను. మాతృభాషను విడిచినవాడు తన యింటికి దూరమగును. ఇరుగుపొరుగు భాష నేర్వనివాడు తన ఊరికే దూరమగును. రెండును నేర్చినవాడు తలయెత్తి, “నేను తెలుగువాడను, ఈ ఊరివాడను, భారతీయుడను” అని చెప్పగలడు. ఈ మూడు మాటలలో ఏ ఒక్కటియు మరియొక దానికి విరుద్ధము కాదు.