బంతి గీత దాటిందా?

పిల్లలూ! కబడ్డీ ఆడేటప్పుడు “గీత తొక్కాడు” అని ఒక పక్షం, “తొక్కలేదు” అని రెండో పక్షం కేకలు వేసుకోవడం మీకు కొత్త కాదు. సున్నంతో గీసిన గీత ఒక్కటే. దాని దగ్గర పడిన కాలు ఒక్కటే. అయినా చూసినవాళ్లు రెండు రకాలుగా చెబుతారు, ఇద్దరూ ఒట్టు పెట్టి మరీ చెబుతారు! అంటే ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడుతున్నట్టేనా?

అలా అనుకోనక్కరలేదు. ఇద్దరూ తమకు కనిపించిందే చెబుతూ ఉండవచ్చు. కన్ను కూడా ఒక కొలత పరికరమే. స్కేలుకూ, త్రాసుకూ దోషాలు ఉన్నట్లే కంటికీ ఉన్నాయి. ఆ దోషం బడి ఆటస్థలంలో జరిగితే కాసేపు అలిగి మరిచిపోతాం. దేశాల మధ్య జరిగే ఆటలో అయితే ఎన్నో ఏళ్ల శ్రమ ఒక్క క్షణంలో నీళ్లపాలవుతుంది. మన దేశానికే అటువంటి అనుభవం ఒకటి ఉంది.

దోహాలో ఆ రాత్రి

2024 జూన్ 11. ఖతర్ రాజధాని దోహాలో భారత్, ఖతర్ జట్ల మధ్య ప్రపంచ కప్ అర్హత పోటీ. గెలిస్తే మన జట్టు అర్హత పోటీల మూడో దశలో అడుగుపెట్టడానికి చక్కని అవకాశం ఉంది. 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్టే గోలు కొట్టి భారత్‌ను ముందుకు తెచ్చాడు. 73వ నిమిషం దాకా ఆ ఆధిక్యం నిలిచింది.

అప్పుడు ఖతర్ ఆటగాడు యూసఫ్ ఐమెన్ తలతో కొట్టిన బంతిని మన గోలుకీపరు గుర్‌ప్రీత్ సింగ్ సంధు అడ్డుకున్నాడు. బంతి గోలు పక్కగా గోలుగీత దాటి బయటికి పోయింది. గుర్‌ప్రీత్ ఆట ఆగిందనుకున్నాడు. కాని ఖతర్ ఆటగాడొకడు బంతిని కాలితో వెనక్కి లాగాడు, యూసఫ్ ఐమెన్ దాన్ని గోలులోకి తన్నాడు. మనవాళ్లు ఎంత మొత్తుకున్నా దక్షిణ కొరియా రిఫరీ దానిని గోలుగానే ప్రకటించాడు. ఆ దశ పోటీల్లో వీడియో చూసి నిర్ణయం సరిదిద్దే ఏర్పాటు లేదు. 85వ నిమిషంలో ఖతర్ ఇంకో గోలు చేసి 2-1తో గెలిచింది. భారత్ పోటీల నుంచి తప్పుకుంది. మన ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదు చేసింది, ఫలితం మాత్రం మారలేదు.

“రిఫరీకి కళ్లు లేవా?” అని ఆ రాత్రి ఎంతోమంది తిట్టుకున్నారు. తిట్టడం తేలిక. కళ్లున్నవాడికి కూడా గీత మీది బంతి ఎందుకు సరిగా కనబడదో తెలుసుకోవడం కొంచెం కష్టం. ఆ కష్టం మనం పడదాం.

నియమం ఏమంటుంది?

ఫుట్‌బాల్ నియమం చాలా స్పష్టం. బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటితేనే అది దాటినట్టు. నేల మీద దాటినా సరే, గాలిలో దాటినా సరే. రెండు గోలుకంబాల నడుమ దాటితే గోలు. కంబాలకు అటూ ఇటూ దాటితే బంతి బయటికి పోయినట్టు.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. 69 అనుకొని 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 22 సెంటీమీటర్లు, వ్యాసార్ధం 11 సెంటీమీటర్లు వస్తాయి. బంతి గోళం కాబట్టి నేలను తాకేది ఒక్క బిందువు దగ్గరే. మిగతా భాగమంతా ఆ బిందువు చుట్టూ 11 సెంటీమీటర్ల మేర గొడుగులాగా పైన పరుచుకొని ఉంటుంది. అందువల్ల బంతి నేలను తాకే బిందువు గీత అంచు నుంచి 10 సెంటీమీటర్లు అవతల ఉన్నా, బంతి ఇంకా గీతను దాటనట్టే! నేల మీద చూస్తే గీతకూ బంతికీ నడుమ పచ్చగడ్డి కనిపిస్తుంది. కాని పై నుంచి చూస్తే బంతి పొట్ట గీత మీద ఒక సెంటీమీటరు కప్పి ఉంటుంది.

ఇది పుస్తకాల్లో మాట మాత్రమే కాదు. 2022 డిసెంబర్ 1న ప్రపంచ కప్‌లో జపాన్, స్పెయిన్ జట్లు ఆడాయి. జపాన్ ఆటగాడు కౌరు మితోమా గోలుగీత దగ్గర నుంచి బంతిని వెనక్కి అందించాడు, అవో తనాకా గోలు చేశాడు. పక్క నుంచి తీసిన చిత్రాల్లో బంతి బయటికి పోయినట్టే కనిపించింది. పై నుంచి తీసిన చిత్రంలో మాత్రం బంతి అంచు వెంట్రుకవాసి గీత మీద ఉంది. వీడియో పరీక్ష తర్వాత గోలు చెల్లింది. జపాన్ 2-1తో గెలిచింది. ఆ ఫలితం వల్ల, అదే రోజు తన ఆట గెలిచిన జర్మనీ కూడా ఇంటిదారి పట్టింది. ఈ ఆట జరిగింది కూడా ఖతర్‌లోనే! వెంట్రుకవాసిని తేల్చగల యంత్రాలు పనిచేసిన ఆ దేశంలోనే, ఏడాదిన్నర తర్వాత మన జట్టుకు ఆ యంత్రాల సాయం దొరకలేదు.

ఎక్కడ నిలబడి చూశాం?

బస్సులో డ్రైవరుకు ఎడమపక్కన కూర్చొని వేగం చూపే ముల్లును ఎప్పుడైనా చూశారా? జలదంకి నుంచి కావలి వెళ్లేటప్పుడు ఈసారి గమనించండి. డ్రైవరుకు ఒక అంకె కనిపిస్తే మీకు వేరొక అంకె కనిపిస్తుంది. ముల్లు వెనక అంకెల పలక కొంచెం దూరంగా ఉండటమే దీనికి కారణం. చూసే చోటు మారితే ముల్లు వేరే అంకె మీద ఉన్నట్లు తోస్తుంది. దీనినే పారలాక్స్ దోషం అంటారు. ప్రయోగశాలలో కొలజాడీలోని నీటిమట్టానికి కన్ను సమానంగా ఉంచి చూడమని మీ మాస్టారు చెప్పేది ఇందుకే.

లైన్స్‌మన్‌కు కూడా ఇదే చిక్కు. మైదానం వెడల్పు 68 మీటర్లు అనుకుందాం. గోలు వెడల్పు 7.32 మీటర్లు. గోలు సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి పక్కగీత నుంచి గోలు నడిమికి 34 మీటర్లు, దగ్గరి కంబానికి 30.34 మీటర్లు. ఇప్పుడు లైన్స్‌మన్ పక్కగీత మీద, గోలుగీతకు సూటిగా కాక, మైదానం వైపు 2 మీటర్లు ముందుకు నిలబడ్డాడనుకోండి. అతని కంటి నుంచి దగ్గరి కంబం మీదుగా ఒక సరళరేఖ గీయండి. అది కంబం దాటాక గోలులోపలికి వాలుతుంది. గోలు నడిమికి వచ్చేసరికి ఎంత లోపలికి పోతుంది?

సరూప త్రిభుజాలు చదివినవారికి ఇది చిటికెలో పని. 30.34 మీటర్లకు 2 మీటర్లు అయితే, 3.66 మీటర్లకు ఎంత? 2 × 3.66 ÷ 30.34 = 0.24 మీటరు. అంటే 24 సెంటీమీటర్లు!

చూశారా! బంతి వ్యాసం 22 సెంటీమీటర్లు. లైన్స్‌మన్ రెండే రెండు మీటర్లు పక్కకు ఉంటే పొరపాటు బంతికంటే పెద్దదయింది. గోలులోకి 24 సెంటీమీటర్లు పోయిన బంతి కూడా అతనికి కంబానికి సూటిగా, గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. అతను గీతకు వెనక వైపు నిలబడి ఉంటే దీనికి సరిగ్గా తలకిందులు. దాటని బంతి దాటినట్లు తోస్తుంది. ఇందులో పక్షపాతమేమీ లేదు, ఉన్నదంతా రేఖాగణితమే.

ఆఫ్‌సైడ్ నిర్ణయాల్లోనూ ఇదే జరుగుతుంది. దాడి చేసే ఆటగాడు రక్షకుడికంటే ముందున్నాడా లేదా అని చూసే లైన్స్‌మన్ వారికి సూటిగా లేకపోతే తప్పు తప్పదని నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 2000లో ‘నేచర్’ పత్రికలో చూపించారు.

కంటికి అందని వేగం

గట్టిగా తన్నిన బంతి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోగలదు. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. సెకనులో పదో వంతు కాలంలో, అంటే రెప్ప వాల్చి ఎత్తేలోగా, బంతి 2.8 మీటర్లు పోతుంది. సెకనుకు 50 చిత్రాలు తీసే కెమెరా అయినా ఒక చిత్రానికీ మరుచిత్రానికీ మధ్య బంతి 56 సెంటీమీటర్లు కదిలిపోతుంది. ఆ నడుమ ఏం జరిగిందో ఆ కెమెరా కూడా చూడలేదన్నమాట.

1966 జులై 30న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇదే సమస్య వచ్చింది. ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ ప్రపంచ కప్ ఫైనల్ ఆడుతున్నాయి. అదనపు సమయంలో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి అడ్డకమ్మీకి తగిలి, నేలకు పడి, పైకి లేచి వచ్చింది. దాటిందా, లేదా? స్విట్జర్లాండ్ రిఫరీ డీన్స్ట్ లైన్స్‌మన్‌ను అడిగాడు. లైన్స్‌మన్ బహ్రామోవ్ దాటిందన్నాడు. ఇంగ్లండ్ 4-2తో కప్ గెలిచింది. సుమారు ముప్పై ఏళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వేర్వేరు కోణాల నుంచి తీసిన ఆనాటి చిత్రాలను లెక్కగట్టి, బంతి పూర్తిగా దాటలేదని తేల్చారు.

2010 జూన్ 27న దక్షిణాఫ్రికాలో చక్రం తిరిగింది. ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి జర్మనీ గోలులోపల బాగా అవతల పడి బయటికి ఎగిరి వచ్చింది. రిఫరీ గోలు ఇవ్వలేదు. జర్మనీ 4-1తో గెలిచింది. ఈ గొడవ తర్వాత, 2012లో ఫుట్‌బాల్ నియమాల మండలి గోలుగీత యంత్రానికి అనుమతి ఇచ్చింది.

2014లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో ఒక్కో గోలుకు ఏడేసి చొప్పున 14 వేగవంతమైన కెమెరాలు అమర్చారు. ఒక్క కన్ను దూరాన్ని సరిగా పట్టలేదు. వేర్వేరు చోట్ల నుంచి చూసే రెండు కళ్లు పట్టగలవు. ఒక కెమెరా నుంచి గీసిన రేఖ, మరో కెమెరా నుంచి గీసిన రేఖ కలిసేచోటే బంతి ఉంటుంది. ఆటగాళ్లు కొన్నింటికి అడ్డం వచ్చినా మిగతావి చూస్తాయి. బంతి దాటిన ఒక్క సెకనులోగా రిఫరీ చేతి గడియారానికి సంకేతం అందుతుంది. ఆ ఏడాది జూన్ 15న ఫ్రాన్స్, హోండురస్ ఆటలో ప్రపంచ కప్ చరిత్రలో మొదటిసారిగా ఈ యంత్రం ఒక గోలును తేల్చింది.

యంత్రం లేని చోట?

యంత్రాలకు చాలా ఖర్చు అవుతుంది. అన్ని మైదానాల్లోనూ అవి ఉండవు. కనుక మనిషి కన్ను, మనిషి నిజాయితీ ఎప్పటికీ అవసరమే.

ఆ పని చేసినవారు మన తెలుగు నేల మీదా ఉన్నారు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం పొందింది. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు. 1988లో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఆయన రిఫరీగా పనిచేశాడు. అటువంటివారి చేతిలో యంత్రమేమీ లేదు. ఉన్నది ఒక విజిల్, రెండు కళ్లు, బంతి వెంట పరుగెత్తే కాళ్లు. సరైన చోటికి సరైన సమయానికి చేరడమే రిఫరీ విద్యలో సగం.

ఖర్చు లేని గోలుగీత యంత్రాన్ని మీ బడిలో మీరే ఏర్పాటు చేసుకోవచ్చు. గోలుగీతకు రెండు కొసల దగ్గర, గీతకు సూటిగా, ఇద్దరు విద్యార్థులను నిలబెట్టండి. వాళ్లు ఆట చూడకూడదు, గీతనే చూడాలి. ఇద్దరూ “దాటింది” అంటేనే దాటినట్టు. ఒకరికి కనిపించి మరొకరికి కనిపించకపోతే, కనిపించలేదని ఆ రెండోవాడు ధైర్యంగా చెప్పాలి. చూడనిదాన్ని చూశానని చెప్పకపోవడం రిఫరీకీ శాస్త్రజ్ఞుడికీ ఒకటే నియమం.

ఆ ఏర్పాటు ఉన్నా ఒక్కోసారి తప్పు జరుగుతుంది. అప్పుడు “మోసం” అనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. అతను ఎక్కడ నిలబడి చూశాడు? నేను ఎక్కడ నిలబడి చూశాను? గీతకు సూటిగా ఉన్నది ఎవరు? ఈ మూడింటికీ జవాబు వెతికితే కొట్లాటలు సగానికి తగ్గుతాయి. మిగిలిన సగానికి మంచి పరికరం కావాలని అడగడం న్యాయమే.

చేసి చూడండి

1. గచ్చు మీద సుద్దతో 12 సెంటీమీటర్ల వెడల్పు గీత గీయండి. ఫుట్‌బాల్‌ను, అది నేలను తాకే చోటు గీత అంచుకు 10 సెంటీమీటర్లు అవతల ఉండేలా పెట్టండి. నిలబడి పక్క నుంచి చూడండి. తర్వాత దారానికి చిన్న రాయి కట్టి, బంతి అంచును ఆనించీ ఆనించనట్లుగా నిలువుగా వేలాడదీయండి. రాయి గీత మీద ఉందా, అవతల ఉందా?

2. లైన్స్‌మన్ 2 మీటర్లకు బదులు 1 మీటరే పక్కకు ఉంటే పొరపాటు ఎన్ని సెంటీమీటర్లు?

3. క్రికెట్‌లో రనౌట్ చూసే అంపైరు క్రీజు గీతకు సూటిగానే ఎందుకు నిలబడతాడు?