జారాలి, కానీ జారిపోకూడదు: నాట్యపు బూటు వెనుక శాస్త్రం

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో ఒకే ఇంటి గుమ్మం దగ్గర రెండు రకాల బూట్లు కనిపించడం వింతేమీ కాదు. ఒకటి కర్మాగారానికి వెళ్లే తండ్రి సేఫ్టీ బూటు. రెండోది సాయంత్రం డాన్స్ క్లాసుకు వెళ్లే కూతురి పలుచని బూటు. టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది, 1912లో అక్కడ తొలి ఉక్కు దిమ్మె వచ్చింది. ఆ తర్వాత ఉద్యోగాల కోసం అక్కడికి చేరిన వారిలో తెలుగువారూ ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం అందుకు గుర్తు. ఆ ఇళ్లలోని ఈ రెండు బూట్లూ ఒకే భౌతికశాస్త్ర సమస్యకు చెరో వైపు నుంచి సమాధానం చెబుతాయి. ఆ సమస్య ఘర్షణ.

నూనె చిందిన నేల మీద కూడా కాలు జారకుండా చూడటం సేఫ్టీ బూటు పని. అందుకే దాని అడుగున రబ్బరు, లోతైన గాళ్లు ఉంటాయి. నాట్యపు బూటు అలా పట్టేస్తే ప్రమాదమే. నర్తకి గిర్రున తిరిగినప్పుడు శరీరం తిరుగుతూ పాదం నేలకు అతుక్కుపోతే, ఆ మెలి అంతా మోకాలికి చేరుతుంది. మోకాలు ప్రధానంగా తలుపు బందులా ముందుకూ వెనక్కూ మడిచేందుకు ఏర్పడిన కీలు. మెలికను అది పెద్దగా భరించలేదు. అక్కడి స్నాయువులు, మృదులాస్థి దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో ఉన్న రన్నింగ్ షూతో సరిపెట్టుకోవడం మంచిది కాదనేది ఇందుకే. అది ముందుకు పరిగెత్తడానికి తయారైంది, తిరగడానికి కాదు.

బాల్‌రూమ్, లాటిన్ నాట్యాల బూట్లకు అడుగున స్వేడ్ తోలు వేస్తారు. తోలు లోపలి వైపు పీచును నూగుగా లేపితే వచ్చేదే స్వేడ్. ఆ నూగు అడుగు వేసినప్పుడు పట్టు ఇస్తుంది, తిరిగినప్పుడు వదులుతుంది. దుకాణంలో బూటు తొడుక్కుని, నున్నటి నేల మీద మునివేళ్లపై బరువుంచి అర చుట్టు తిరిగి చూడాలి. మోకాలి దగ్గర లాగినట్టు అనిపిస్తే పట్టు ఎక్కువ. నిలబడినప్పుడే పాదం పక్కకు పోతుంటే పట్టు తక్కువ.

ఎంపిక సాయంత్రం చేయడం మేలు, పగలంతా నడిచిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది కనుక. తోలు వాడేకొద్దీ సాగుతుంది. అందువల్ల కొత్త తోలు బూటు నొప్పి పెట్టకుండా బిగుతుగా ఉండాలి. కాన్వాస్ అంతగా సాగదు. ఎదిగే కాలు కదా, వచ్చే ఏడాదికీ పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొనడం మన ఇళ్లలో మామూలే. స్కూలు బూటుకైతే సర్దుకోవచ్చు. నాట్యంలో మాత్రం లోపల కాలు జారి బొబ్బలెక్కుతాయి, చీలమండ మెలిపడుతుంది.

మడమ బూట్లలో అరికాలి వంపు కింద సాధారణంగా సన్నని ఉక్కు పట్టీ ఒకటి దాగి ఉంటుంది. ఆ భాగం కుంగకుండా కాపాడేది అదే. రెండు చేతులతో వంచి చూస్తే బూటు వేళ్ల మొదళ్ల దగ్గరే వంగాలి. నడుమ వంగితే ఆ బూటు వద్దు. మడమ మొన వెడల్పునూ గమనించాలి. 50 కిలోల మనిషి బరువంతా 2 చదరపు సెంటీమీటర్ల మొన మీద పడితే, చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి. 25 చదరపు సెంటీమీటర్ల వెడల్పు మడమైతే అది 2 కిలోలే. నేర్చుకునేవారికి పొట్టి, వెడల్పాటి మడమ మేలు.

బూటు లేని చోట

జంషెడ్‌పూర్‌కు దగ్గరలోని సరాయికెలా ఛౌ నృత్యానికి బూటు లేదు. ముఖానికి ముసుగు, కాలికి గజ్జెలు, అరికాలు నేరుగా నేల మీద. 2010లో యునెస్కో ఛౌను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. మన కూచిపూడీ అంతే. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి దాన్ని కదిలించేది వట్టి పాదాలతోనే. ఇక్కడ బూటు చేసే పనిని మోకాలి వంపు, నేల పంచుకుంటాయి.

లెక్క తేలికే. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగే శరీరం మోకాళ్లు వంచి మరో 10 సెంటీమీటర్ల దూరంలో ఆగితే, నేల ఇచ్చే సగటు బలం శరీర బరువుకు 4 రెట్లు. 5 సెంటీమీటర్లలోనే ఆగితే 7 రెట్లు. గురువులు మోకాళ్లు వంచమని పదే పదే చెప్పడంలో అందంతో పాటు ఈ లెక్కా ఉంది. నేల గట్టితనం దీనికి తోడవుతుంది. కాంక్రీటు మీద పరిచిన పాలరాయి అసలు దిగదు. గాలి ఖాళీ వదిలి దూలాల మీద వేసిన చెక్క నేల కొంచెం దిగి, మొదటి దెబ్బను తగ్గిస్తుంది. మంచి బూటు కోసం నాలుగు దుకాణాలు తిరిగే తల్లిదండ్రులు క్లాసు గది నేల గురించి అడగరు. అడగవలసింది ముందు దాని గురించే. ఒకే చోట రోజుల తరబడి ఉండే నొప్పి, ముఖ్యంగా వేలితో నొక్కితే పెరిగేది, ఎముకలో సన్నని చీలికకు సూచన కావచ్చు. నాట్యం ఆపి వైద్యుడికి చూపించాలి.

వాడిన తర్వాత

శరీరంలో స్వేదగ్రంథులు చాలా దట్టంగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా చెమటలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఐసోవలెరిక్ ఆమ్లంగా మార్చడమే బూటు కంపుకు ముఖ్య కారణం. తడిని తీసేస్తే బ్యాక్టీరియా, బూజు రెండూ తగ్గుతాయి. క్లాసు అవగానే బూటును ప్లాస్టిక్ సంచిలో కట్టేయకుండా, లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాను గాలికి ఉంచాలి. ఎండలో పెట్టకూడదు. తోలు కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక. తడి తోలుకు వేడి తగిలితే ఆ పోగులు ముడుచుకుని గట్టిపడతాయి, తర్వాత పగుళ్లు వస్తాయి. వానాకాలపు తేమలో బీరువాలో సిలికా జెల్ పొట్లాలు ఉంచడం మంచిది.

స్వేడ్ అడుగును వీధిలో వేసుకోకూడదు, నీళ్లతో కడగకూడదు. మైనం, మురికి పట్టి నూగు అణిగిపోతే చిన్న తీగ బ్రష్‌తో నెమ్మదిగా గీకితే మళ్లీ లేస్తుంది. పాలీయురేథేన్ అడుగున్న బూట్ల సంగతి వేరు. వాటిని వాడకుండా ఏళ్ల తరబడి దాచినా గాలిలోని తేమకే ఆ పాలిమర్ గొలుసులు తెగి, ఒకరోజు అడుగు పొడిపొడిగా రాలుతుంది. అరిగిన స్వేడ్ అడుగును చెప్పులు కుట్టేవారి చేత మార్పించుకోవచ్చు. లోపలి ఉక్కు పట్టీ విరిగి నడిచేటప్పుడు కిర్రుమంటుంటే మాత్రం ఆ జత మార్చాల్సిందే.