ప్రశ్నలు – జవాబులు: క్యామ్‌తోపాటే స్ప్రింగులూ కొనండి

ప్రశ్న: పాత షెవర్లే కారు 350 ఇంజనుకు పెద్ద క్యామ్ వేయించాను. లిఫ్టు 0.480 అంగుళం, ఫ్లాట్ ట్యాపెట్లు. స్ప్రింగులు పాతవే ఉంచాను. ఏ గేరులో ఉన్నా 5000 ఆర్‌పీఎం దగ్గరికి రాగానే మిస్ కొడుతోంది, ఇక లాగదు. మార్కెట్లో అన్నిటికన్నా గట్టి స్ప్రింగులు వేసేయమని స్నేహితులు అంటున్నారు. వేసేయనా? – ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: వేయకండి. ఇలాంటి ఉత్తరాలన్నిటిదీ ఒకే వరస. డబ్బంతా క్యామ్ మీద పెడతారు, బండి మొరాయించాక స్ప్రింగులు గుర్తొస్తాయి.

ఏ గేరులోనైనా అదే ఆర్‌పీఎం దగ్గర ఆగుతోందంటే వాల్వులు క్యామ్‌ను వదిలి తేలుతున్నాయని నా అనుమానం. పాయింట్లు, ప్లగ్గులు ఒకసారి చూసుకోండి. అవి బాగుంటే నేరం స్ప్రింగులదే. వాల్వును క్యామ్ అంచు వెంట నడిపించి సీటు మీదికి తెచ్చేది స్ప్రింగు ఒక్కటే. 5000 నుంచి 6000 ఆర్‌పీఎంకు వెళితే వేగం పెరిగేది 20 శాతమే, స్ప్రింగు ఆపాల్సిన జడత్వ బలం మాత్రం 44 శాతం పెరుగుతుంది. మీ ఇంజనుతో వచ్చిన స్ప్రింగు కొత్తగా ఉన్నప్పుడే, వాల్వు మూసి 1.70 అంగుళాల ఎత్తులో ఉండగా, ఇచ్చేది సుమారు 80 పౌండ్లు. ఏళ్ల తరబడి వేడిలో నలిగాక అంత కూడా ఇవ్వదు.

అలాగని మరీ గట్టివి వేస్తే ఫ్లాట్ ట్యాపెట్ కింద క్యామ్ లోబు అరిగిపోతుంది. పాత హెడ్లలో రాకర్ స్టడ్లు మరలతో కాకుండా గుద్ది దించినవి. అవి పైకి ఊడి వస్తాయి. గట్టిదనం బలం కాదు. సరిపోయిందే బలం.

లెక్క ఇలా వేయండి. మూసినప్పుడు 110 పౌండ్లు, అంగుళానికి 330 పౌండ్ల రేటు ఉన్న స్ప్రింగు తీసుకున్నారనుకుందాం. 0.480 లిఫ్టుకు మరో 158 చేరి, పూర్తిగా తెరిచినప్పుడు 268 అవుతుంది. వీధిలో తిరిగే మీ క్యామ్‌కు ఇది తగిన బరువే. ఇక ఎత్తు: 1.70లోంచి 0.48 పోతే 1.22. చుట్లు ఒకదానికొకటి అంటుకునేది 1.15 దగ్గరైతే 0.07 మిగిలింది. కనీసం 0.06 ఉండాలి కాబట్టి సరే. రేపు ఎవరో చెప్పారని 1.5 రాకర్లు తీసి 1.6వి వేశారంటే లిఫ్టు 0.512కు పోతుంది, మిగిలేది 0.038. అదే స్ప్రింగు అప్పుడు పనికిరాదు. రిటైనర్ అడుగుకూ గైడ్ సీలుకూ మధ్య కూడా కనీసం 0.06 ఖాళీ చూడండి. పాత హెడ్ల మీద చాలాసార్లు ముందు తగిలేది అక్కడే.

క్యామ్‌తో వచ్చిన కార్డు మీద ఏ స్ప్రింగు వేయాలో తయారుచేసినవాళ్లే రాస్తారు. స్నేహితుల మాటకన్నా ముందు అది చదవండి. మీ క్యామ్ లోబులను కూడా, స్ప్రింగులు మార్చేముందు, ఒక్కొక్కటే చూడండి.

ప్రశ్న: కొత్త ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కు డబుల్ స్ప్రింగులు వేశాను. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏం జాగ్రత్త? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: లోపలి స్ప్రింగులు తీసేసి, జింకు ఎక్కువున్న ఆయిలు పోసి, స్టార్ట్ అయిన వెంటనే 2000 ఆర్‌పీఎం పైకి తెచ్చి, 20 నిమిషాలకు తగ్గకుండా నడపండి, తర్వాతే లోపలివి వేయండి.

ప్రశ్న: ర్యాలీ జిప్సీ హెడ్ పని చేస్తున్నాం సార్. వాల్వులు, సీట్లు గ్రైండ్ చేశాక స్ప్రింగులు వదులుగా ఉన్నట్టున్నాయి. కింద షిమ్‌లు వేస్తే చాలని మేస్త్రీ అంటున్నారు. నిజమేనా? – ఆటోనగర్, విజయవాడ

జవాబు: మీ మేస్త్రీ చెప్పింది సగం నిజం బాబూ. సీటు కోసేకొద్దీ వాల్వు హెడ్డులోకి దిగుతుంది, కాడ పైకి లేస్తుంది, స్ప్రింగు కూర్చునే ఎత్తు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. మిల్లీమీటరుకు 5 కిలోల రేటున్న స్ప్రింగు 0.75 మి.మీ. పెరిగితే దాదాపు 4 కిలోలు పోతాయి. ఆ 0.75 షిమ్ వేసి పాత ఎత్తుకు తేవడం సరైన పనే. స్ప్రింగే చచ్చిపోయి ఉంటే మాత్రం షిమ్ వేయొద్దు. దాని చుట్ల మధ్య ఖాళీ తినేస్తావు, ప్రాణం మాత్రం రాదు. అందుకే ప్రతి స్ప్రింగునూ టెస్టర్ మీద పెట్టి, ఏ ఎత్తుకు ఎంత వచ్చిందో నోటుబుక్కులో రాయి. కొత్తవైనా సరే, డబ్బాలోంచి తీసినవైనా సరే. మేస్త్రీ చేతి అంచనా మీద నాకు గౌరవముంది. అయినా పదహారు వాల్వుల్లో ఒక్కటి తేడా వచ్చినా పిస్టన్‌కు తగిలేది ఆ ఒక్కటే.

ప్రశ్న: నా బుల్లెట్ 350కి క్యామ్ మార్చలేదు. రేసింగ్ స్ప్రింగులు వేస్తే పికప్ పెరుగుతుందా? – వరంగల్

జవాబు: పెరగదు, క్యామ్, ట్యాపెట్లు త్వరగా అరుగుతాయి.

ప్రశ్న: ఫార్ములా వన్ ఇంజన్లలో స్ప్రింగులే ఉండవంటారు, నిజమా? – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: నిజమే. 1986లో రెనో తన టర్బో ఇంజనులో ఉక్కు చుట్టల స్థానంలో ఒత్తిడితో నింపిన గ్యాసు పెట్టింది. అంతకుముందే, 1954లో, మెర్సిడెస్ తన రేసు కారులో వాల్వును మూయడానికి కూడా క్యామ్‌నే వాడింది. డుకాటి బైకులు ఆ దారిని పట్టుకున్నాయి. ఉక్కు స్ప్రింగుకు ఒక హద్దుందని అంత పెద్దవాళ్లే ఒప్పుకుని వేరే దారి వెతికారు. మనం ఆ హద్దుకు చాలా ఇవతలే ఉన్నాం. వెర్నియర్, టెస్టర్, క్యామ్ కార్డు: ఈ మూడూ ముందు పెట్టుకున్నవాడికి ఉక్కు స్ప్రింగు చాలు.