సందేహాలు - సమాధానాలు: బిట్‌కాయిన్ ధరకు కరెంటు బిల్లు కాపలా కాస్తుందా?

ప్రశ్న: కొండ దిగువన చిన్న లాడ్జి నడుపుతున్నాను. ఒక్క బిట్‌కాయిన్ తియ్యడానికి బోలెడు కరెంటు ఖర్చవుతుంది గనక ధర ఆ ఖర్చు కంటే కిందికి దిగదని మా బావమరిది వాదన. మేడమీద ఖాళీ గదిలో సెకండ్ హ్యాండ్ మైనింగ్ మిషను పెడదామంటున్నాడు. పెట్టమంటారా?
- ఒక పాఠకుడు, అన్నవరం

జవాబు: మీ బావమరిదిగారి లెక్క తలకిందులుగా ఉందండీ. ఇక్కడ ఖర్చు వెనకాల ధర నడవదు, ధర వెనకాలే ఖర్చు నడుస్తుంది.

అంబాజీపేటలో కొబ్బరి ధర పడిపోయి దింపు కూలి కూడా గిట్టకపోతే, రైతు కాయను చెట్టునే వదిలేస్తాడు. మార్కెట్‌కి సరుకు తగ్గుతుంది, ధర ఎప్పటికో నిలదొక్కుకుంటుంది. బిట్‌కాయిన్‌లో అలా జరగదు. పదిమంది తీసినా పదిలక్షల మిషన్లు తీసినా సగటున పది నిమిషాలకు ఒక్క బ్లాకే, అంటే కొత్త కాయిన్లు పుట్టే విడత ఒక్కటే. 2016 బ్లాకులకోసారి, అంటే సుమారు రెండు వారాలకోసారి, నెట్‌వర్క్ తన డిఫికల్టీని, అంటే బ్లాకు తీయడం ఎంత కష్టంగా ఉండాలన్న కొలతను, తానే సర్దుకుంటుంది. ధర పెరిగితే కొత్తవాళ్లు మిషన్లు దించుతారు, డిఫికల్టీ పెరుగుతుంది, ఒక్కో కాయిన్‌కి ఖర్చూ పెరుగుతుంది. ధర పడితే గిట్టనివాళ్లు స్విచ్ కట్టేస్తారు, మిగిలినవాళ్లకు ఖర్చు దిగుతుంది. 2021లో చైనా మైనింగ్‌ను తరిమేశాక, జులై మొదట్లో డిఫికల్టీ ఒక్కసారిగా 28 శాతం దాకా పడింది. మిగతా దేశాల్లో మైనర్లకు ఆ రోజులు పండగే.

ఇంకో రుజువు. 2024 ఏప్రిల్ 20న బ్లాకు బహుమతి 6.25 నుంచి 3.125 కాయిన్లకు తగ్గింది. అంటే కాయిన్ ఒక్కింటికి అయ్యే ఖర్చు రాత్రికి రాత్రి దాదాపు రెట్టింపైంది. ధర మాత్రం 60 వేల డాలర్ల చుట్టుపక్కలే నెలల తరబడి తచ్చాడింది.

ఖర్చు ధరను ఆపగలిగేదే అయితే 2022 అలా ఉండేది కాదు. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా ఎగబాకిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేలకు వచ్చింది. అమెరికాలోని పెద్ద మైనింగ్ కంపెనీల్లో ఒకటైన కోర్ సైంటిఫిక్ ఆ డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. బిల్లులు కట్టడానికి మైనర్లు చేతిలో ఉన్న కాయిన్లు అమ్ముకోవాలి, పడుతున్న ధరను ఆ అమ్మకం ఇంకాస్త కిందికి లాగుతుంది. ఖర్చుకు ధర మీద ప్రభావం ఉందంటే ఎక్కువగా ఈ దిక్కునే.

ఇక మీ మేడమీది గది. ఆంట్‌మైనర్ ఎస్19 ప్రో అనే మైనింగ్ మిషను 3,250 వాట్లు లాగుతుంది, అంటే రోజుకు 78 యూనిట్లు. లాడ్జిది కమర్షియల్ కనెక్షను. యూనిట్ 10 రూపాయలనుకున్నా రోజుకు 780. 2024 వేసవిలో ఆ మిషను రోజంతా తిరిగితే వచ్చింది 5 డాలర్లు అటూఇటూ, మన లెక్కలో 400 పైచిలుకు. ఆ వేడికి ఏసీ ఖర్చు వేరే. పైగా 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. మైనింగ్‌కు పెట్టిన ఖర్చును అందులో తగ్గించుకోవడం కుదరదని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. వ్రతం చేసుకొచ్చి నడుం వాల్చిన యాత్రికులు ఆ ఫ్యాన్ల రొదకు మిమ్మల్ని ఏమంటారో నేను చెప్పక్కర్లేదు. గది అద్దెకిచ్చుకోండి.

ప్రశ్న: మైనింగే లేకపోతే కాయిన్‌కి విలువ ఎక్కడిది?
- ఒక పాఠకురాలు, తుని

జవాబు: ఎథీరియం నెట్‌వర్క్ కాయిన్ ఈథర్‌ని చూడండి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం మైనింగ్‌ను పూర్తిగా వదిలేసింది, కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. ఖర్చే విలువైతే మర్నాటికి ఈథర్ చిల్లర కిందికి రావాలి. 2024 మార్చిలో అది 4 వేల డాలర్లు దాటింది. కొనేవాడు ఉన్నాడు, ధర ఉంది. ఆ కొనుగోలు తెలివైనదా కాదా అన్నది వేరే చర్చ. నా మటుకు నేను కొనలేదు.

ప్రశ్న: ‘క్లౌడ్ మైనింగ్’లో, అంటే వాళ్లెక్కడో నడిపే మిషన్లలో, డబ్బు పెడితే నెలకు 10 శాతం గ్యారంటీ అంటున్నారు. నమ్మొచ్చా?
- ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం వాళ్లు సరిగ్గా ఇదే చెప్పారు, నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు. 2018లో పుణె పోలీసులు అరెస్టులు చేశారు. ధర, డిఫికల్టీ రెండూ ఊగే వ్యాపారంలో గ్యారంటీ ఎవరిస్తారు? మిషన్లు ఏ ఊళ్లో ఉన్నాయో, కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తోందో అడిగి చూడండి. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయకండి.