అక్కా, ఈ మీటర్‌ని నమ్మొచ్చా?

చెల్లెళ్లూ, ఇంట్లో షుగర్ చూసుకునేవాళ్లు ఉంటే ఓ పని చేయండి. పొద్దున వాడేసిన స్ట్రిప్పు ఇంకా పారేయకపోతే, రక్తం అంటిన కొస తగలకుండా పట్టుకుని కిటికీ దగ్గరికి రండి. కొత్తది మాత్రం తీయకండి. ఊరికే చూడ్డానికని దాన్ని డబ్బాలోంచి బయటికి తీయకూడదు, ఎందుకో కాసేపట్లో చెబుతాను.

వెలుగులో పెట్టి చూడండి. చిన్న ప్లాస్టిక్ ముక్క. దాని మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండు మూడు నల్ల గీతలు. మీటర్‌లోకి దూరే వైపు గీతలు బయటికే కనిపిస్తాయి, రక్తం పీల్చుకునే వైపు పైన ఓ పొర కప్పి, సన్నటి సందు వదిలి ఉంటుంది. కొన్ని స్ట్రిప్పుల్లో ఈ గీతలు బంగారు రంగులో మెరుస్తాయి. అవి పల్చటి లోహపు పూత వేసి లేజర్‌తో గీసినవి. నల్లవి మాత్రం అచ్చేసినవి. మన శుభలేఖలూ, గుడ్డ సంచుల మీద షాపుల పేర్లూ వేస్తారే, ఆ స్క్రీన్ ప్రింటింగ్‌తోనే.

“ల్యాబ్‌లో 168 వచ్చిందక్కా, గంటలో ఇంటికొచ్చి చూస్తే 181 చూపించింది. ఈ మీటర్‌ని నమ్మొచ్చా?” అని అడిగేవాళ్లు ఎంతమందో. నమ్మొచ్చు తల్లీ. కాకపోతే ఒక సంగతి తెలుసుకుని నమ్మాలి. రక్తంలో గ్లూకోజ్‌ని పట్టేది మీటర్ కాదు, స్ట్రిప్పు. మీటర్ చేసేదల్లా కరెంటు కొలిచి అంకె వేయడమే. మనమేమో మీటర్‌ని పౌచ్‌లో పెట్టి, జిప్పు వేసి, బీరువాలో దాస్తాం. స్ట్రిప్పుల డబ్బాని వంటగట్టు మీద, పొయ్యి పక్కన వదిలేస్తాం. అసలు సెన్సర్ ఆ డబ్బాలో ఉంది.

ఒకప్పుడు మన పెద్దవాళ్లు షుగర్ చూసుకోవాలంటే టెస్ట్‌ట్యూబులో నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణం పోసి, నాలుగు చుక్కలు మూత్రం కలిపి మరిగించేవాళ్లు. రంగు ఆకుపచ్చకో, పసుపుకో, ఇటుక ఎరుపుకో మారితే దాన్నిబట్టి అంచనా. అది కూడా రక్తంలో షుగర్ బాగా పెరిగి మూత్రంలోకి దిగాకే తెలిసేది. 1962లో అమెరికాలో లేలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ అనే ఇద్దరు ఒక ఎంజైమునీ ఎలక్ట్రోడునీ జతచేస్తే గ్లూకోజ్‌ని కరెంటు రూపంలో కొలవొచ్చని దారి చూపించారు. దాన్ని మన చేతిలోకి తెచ్చింది ఇంగ్లండు వాళ్లు. 1984లో ఆక్స్‌ఫర్డ్, క్రాన్‌ఫీల్డ్ పరిశోధకులు కలిసి ఒక పరిశోధన పత్రం వేశారు. మూడేళ్లకల్లా, 1987లో, పెన్నంత మీటరూ దాంతోపాటు అచ్చేసిన స్ట్రిప్పులూ బజారులోకి వచ్చాయి. మరిగించే పని, రంగులు పోల్చుకునే పని పోయాయి.

ఇప్పుడు ఆ సందు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. వేలి దగ్గర పెట్టగానే రక్తం దానంతట అదే లోపలికి పాకుతుంది. కావలసింది అర మైక్రోలీటరు, మహా అయితే ఒక మైక్రోలీటరు. లోపల ఎండి ఉన్న మందు ఆ తడికి కరుగుతుంది. అందులో ముఖ్యమైనవి రెండు. మొదటిది చాలా స్ట్రిప్పుల్లో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. ఉల్లిపాయ పైపొరల మీద నల్లగా బూజు పడుతుంది చూశారా, ఆస్పర్‌జిల్లస్ నైగర్ అంటారు, ఆ జాతి బూజు నుంచే ఈ ఎంజైముని తీస్తారు. రక్తంలో ఎన్ని పదార్థాలున్నా ఇది గ్లూకోజ్‌నే పట్టుకుని, ఒక్కో అణువు నుంచి రెండేసి ఎలక్ట్రాన్లు లాగుతుంది. కానీ లాగినవాటిని నల్ల గీత దాకా చేర్చడం దీనివల్ల కాదు. ఎంజైము చాలా పెద్దది, ఆ పని జరిగే చోటు దాని కడుపులో ఎక్కడో ఉంటుంది. అందుకే రెండో మందు. పొటాషియం ఫెర్రీసయనైడ్ గానీ, అలాంటి పని చేసే మరొకటి గానీ ఎలక్ట్రాన్లను అందుకుని గీతకు చేరవేస్తుంది. 1984 పరిశోధన గొప్పతనం ఈ చేరవేసే మందులోనే ఉంది. వాళ్లు ఫెర్రోసీన్ అనే ఇనుము కలిసిన పదార్థంతో సాధించారు. మీటర్ సాధారణంగా అర వోల్టుకు లోపే పెట్టి, వచ్చే కరెంటుని కొలుస్తుంది. గ్లూకోజ్ ఎక్కువైతే ఎలక్ట్రాన్లు ఎక్కువ, కరెంటూ ఎక్కువ. ఐదు సెకన్లలో అంకె.

ఈ ఎంజైము కథ నాకు ఎంత ఇష్టమో, అచ్చువేసే పని అంతకన్నా ఇష్టం. శుభలేఖలు వేసే చిన్న ప్రెస్సుకి ఎప్పుడైనా వెళ్తే చూడండి. ఫ్రేముకి బిగించిన సన్నని జాలీ బట్ట మీద వెలుగు తగిలితే గట్టిపడే పూత పూస్తారు. పైన డిజైన్ ఫిల్మ్ పరిచి లైటు వేస్తారు. వెలుగు పడినచోట పూత గట్టిపడుతుంది, ఫిల్మ్ నలుపు అడ్డుపడినచోట నీళ్లతో కడిగితే పోతుంది. అలా తెరుచుకున్న కంతల్లోంచి స్క్వీజీతో ఇంకు లాగితే కింద బొమ్మ పడుతుంది. స్ట్రిప్పుల ఫ్యాక్టరీలోనూ ఇదే పని. అక్కడ కాగితం బదులు పాలిస్టర్ షీటు, రంగు బదులు కరెంటు పారే ఇంకు. బొగ్గుపొడి, గ్రాఫైటు, వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ జిగురు, పల్చన చేసే ద్రావకం కలిపిన చిక్కటి ముద్ద అది. కొన్ని గీతలకు వెండి రేకుల ఇంకు వాడతారు.

అచ్చు పడ్డప్పుడు ఆ గీతలో కరెంటు సరిగా పారదు. పొడి రేణువులు ద్రావకంలో విడివిడిగా తేలుతుంటాయి. షీటుని వేడి ఓవెన్‌లోంచి పంపితే ద్రావకం ఆవిరైపోతుంది, ఎండలో పెట్టిన వడియం నీరు ఇంకి దగ్గరపడినట్టు గీత కుంచించుకుని రేణువులు ఒకదానికొకటి తగులుతాయి. కరెంటుకి దారి అప్పుడు తెరుచుకుంటుంది. ఓవెన్ మరీ వేడైతే కింది పాలిస్టర్ వంకర పోతుంది, వేడి చాలకపోతే గీత నిలవదు. ఆరాక దాని మీద కరెంటు పారని పొర ఇంకో అచ్చు, అందులో చిన్న కిటికీ. ఆ కిటికీలో ఎంజైము మందు. వేడికి చచ్చిపోతుంది కాబట్టి దాన్ని చివర్లో వేసి మెల్లగా ఆరబెడతారు. పైన మూత ఫిల్మ్ అంటించి, ఒక్కో షీటుని వందల స్ట్రిప్పులుగా కోస్తారు.

ఆ కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగండి. అందులోంచి కనబడే నల్ల చదరం ఎంత పెద్దదైతే కరెంటు అంత ఎక్కువ వస్తుంది. ఇంకు అంచు కాస్త పాకి ఆ చదరం పదో వంతు పెరిగిందనుకోండి, కరెంటు కూడా పదో వంతు పెరుగుతుంది. 150 ఉన్నవాళ్లకి 165 చూపిస్తుంది. శుభలేఖలో అక్షరం అంచు కాస్త అలుక్కుంటే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ ఆ అంకె చూసి ఒకరు ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో తేల్చుకుంటారు. అందుకే ప్రతి బ్యాచ్‌నీ పరీక్షించి, తేడా ఉంటే ఆ లెక్క మీటర్‌కి తెలిసేలా చేస్తారు. కొన్ని డబ్బాల మీద కోడ్ నంబరు ఉండేది ఇందుకే. పాత డబ్బా కోడ్ మీటర్‌లో ఉంచేసి కొత్త డబ్బా మొదలుపెట్టకండి.

ఇంత చేసినా 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, షుగర్ 100 పైన ఉంటే 15 శాతం, 100 లోపు ఉంటే 15 పాయింట్లు అటూఇటూ ఉండొచ్చు. నూటికి 95 కొలతలు ఈ హద్దులో ఉంటే చాలు. ల్యాబ్ 168కి ఇంటి 181 ఆ హద్దులోనే ఉంది. పైగా భోజనం చేశాక వేలికొస రక్తంలో షుగర్ చేతినరం రక్తంలో కన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఆ తేడా పట్టుకుని అత్తగారితో వాదన పెట్టుకోకండి. రోజుల తరబడి అంకెలు ఏ వైపు నడుస్తున్నాయో నోటుబుక్కులో రాసి డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు చేతుల సంగతి. షుగర్ 100 ఉన్నప్పుడు స్ట్రిప్పు పీల్చే అర మైక్రోలీటరు రక్తంలో ఉండే గ్లూకోజ్ అర మైక్రోగ్రాము. గ్రాముని 20 లక్షల వంతులు చేస్తే అందులో ఒక్క వంతు. బత్తాయి ఒలిచిన వేలికి అంటుకున్న రసంలో అంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. కడగకుండా పొడిస్తే లేని షుగర్ చూపిస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పొడుచుకోండి.

కొత్త స్ట్రిప్పు ఊరికే ఎందుకు తీయొద్దన్నానంటే, దానిలోని మందు తడి తగిలితే పనిలోకి దిగేలా చేసినది. గాలిలో తేమ చాలు, ఫెర్రీసయనైడ్ ముందే మారడం మొదలుపెడుతుంది. ఎంజైమూ నీరసపడుతుంది. డబ్బాలోనే తేమ పీల్చే పదార్థం ఉంచేది అందుకే. స్ట్రిప్పులు తీసి వేరే సీసాలో పోయకండి. తీసిన వెంటనే మూత బిగించండి. చాలా కంపెనీలు 30 డిగ్రీల లోపు ఉంచమంటాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో అది కష్టమే, అయినా ఇంట్లో చల్లగా ఉండే గదిలో, నీళ్ల కుండ తడి తగలని మూల దొరుకుతుంది. ఫ్రిజ్ మాత్రం వద్దు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది.

ఆడవాళ్లకి ప్రత్యేకంగా ఇంకో మాట. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఎర్ర కణాలు తక్కువైతే చాలా స్ట్రిప్పులు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. అంటే షుగర్ పడిపోతున్నా అంకె బాగానే కనిపించొచ్చు. గర్భంతో ఉన్న చెల్లెళ్లు, హిమోగ్లోబిన్ తక్కువని తెలిసినవాళ్లు ఈ సంగతి డాక్టర్‌తో తప్పకుండా చెప్పండి. కళ్లు తిరిగి చెమటలు పడుతుంటే అంకె చూసి ధైర్యం తెచ్చుకోకండి.

అచ్చేసిన సెన్సర్లు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. కారు ముందు సీటులో కూరగాయల సంచి పెడితే బెల్టు పెట్టుకోమని కూస్తుంది కదా, చాలా కార్లలో సీటు కవరు కింద రెండు పల్చటి ఫిల్ములు ఉంటాయి, వాటి మీద వెండి ఇంకు, బొగ్గు ఇంకు గీతలు. బరువు పడితే రెండూ తగులుతాయి. 2019 జూలై నుంచి మన దేశంలో కొత్త కార్ల ముందు సీట్లకి ఈ హెచ్చరిక తప్పనిసరి. చేతికి అంటించుకుంటే 14 రోజులు షుగర్ చూపించే బిళ్ల కూడా ఈ కుటుంబమే. దాని కింద చర్మంలోకి దిగే పోగు వంగుతుంది, విరగదు. ఎంజైము కొట్టుకుపోకుండా దాన్ని అక్కడే కట్టిపడేస్తారు. ధర మాత్రం ఇప్పటికీ మధ్యతరగతికి భారమే, అది నన్ను బాధిస్తుంది.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. ఊళ్లలో 30 ఏళ్లు దాటినవాళ్లకి షుగర్ పరీక్షలు చేసేది ఏఎన్ఎం అమ్మాయిలు. వాళ్ల సంచిలో ఈ స్ట్రిప్పులు ఎండలో ఊరూరా తిరుగుతాయి. మీ వీధికి వస్తే నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్లివ్వండి, ఆ డబ్బా ఎండ తగలని చోట పెట్టుకోమనండి. మీ ఇంట్లోవాళ్ల కోసం మందుల షాపులో మీ మీటర్‌కి సరిపడే కంట్రోల్ సొల్యూషన్ అడగండి. రక్తం బదులు దాని చుక్క పెడితే వచ్చే అంకె, స్ట్రిప్పుల డబ్బా మీద వేసిన హద్దులో ఉండాలి. లేదంటే ఆ డబ్బా పక్కన పెట్టేయండి. చాలా షాపుల్లో ఇది ఉంచరు. పదిమంది అడిగితే తెప్పిస్తారు.